తొట్టెలో దుంగ: రంగు చూసి భయపడతాం, సందు చూడం

ఆ రోజు తెల్లవారుజామున గులకరాళ్ళు గాజుకు తగులుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటే లేచి వెళ్ళి చూశాను. మా తాబేలు దుంగ కింది వంపులో ఇరుక్కుపోయి ఉంది. తలా ముందు కాళ్ళూ అవతలి వైపుకు వచ్చేశాయి కానీ, డిప్ప నడిమి ఎత్తు మాత్రం చెక్క అడుగుకు బిగుసుకుపోయింది. వెనుక కాళ్ళతో అడుగునున్న రాళ్ళను తోస్తూనే ఉంది. రెండు చేతులతో దుంగను ఎత్తగానే అది పైకి తేలి, నోరు తెరిచి, మెడ పూర్తిగా చాచి గాలి పీల్చుకుంది. ఎంతసేపటి నుంచి అలా పెనుగులాడుతోందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకొక గంట నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో మాత్రం తెలుసు.

ఆ దుంగ కొత్తగా తెచ్చినది కాదు. మా తాబేలు రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలు జాతిది, దాని డిప్ప 5 సెంటీమీటర్లు కూడా లేని రోజుల్లోనే దాన్ని తొట్టెలో పెట్టాను. ఆ వంపు కింద నుంచి దూరి అవతలికి పోవడం దానికి నిత్యం అలవాటైన దారి. నాలుగేళ్ళలో వంపు మారలేదు, తాబేలు పెరిగింది. నేను ప్రతి రోజూ చూస్తున్న జీవి పెరుగుదల నాకు కనిపించలేదు. నన్ను ఎక్కువగా బాధించిన విషయం ఇంకొకటి ఉంది. ఆ దుంగను తెచ్చిన మొదటి నెలలో నేను దాని గురించి అడగని ప్రశ్న లేదు. నీళ్ళు ఎందుకు ఎర్రబడుతున్నాయి, ఆ రంగు విషమా, చెక్క మీద పట్టిన తెల్లని జిగట ఏమిటి, ఇలాంటి ప్రశ్నలతో వారానికి మూడుసార్లు నీళ్ళు మార్చాను. దాని కింద ఉన్న సందును ఒక్కసారి కూడా కొలవలేదు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఇదే. పెంపుడు తాబేలు తొట్టెలో సహజమైన చెక్క ఉండాలన్నదే నా అభిప్రాయం. అయితే దాని విషయంలో మనం భయపడే క్రమం తలకిందులుగా ఉంది. కంటికి కనిపించే రంగును, జిగటను చూసి కంగారుపడతాం, అవి దాదాపుగా హాని లేనివి. చెక్క ఆకారం, బరువు, ఏ చెట్టుదో ఎక్కడ పడి ఉన్నదో తెలియని దాని పూర్వచరిత్ర, ఏళ్ళ తరబడి నీటిలో అది మారే తీరు, ఇవి కంటికి ఆనవు. ప్రాణం మీదికి తెచ్చేవి మాత్రం ఇవే.

మొదట సందుల గురించే చెప్పాలి, ఎందుకంటే తాబేలు నీటిలో మునిగి చనిపోదని నమ్మేవారు చాలామంది ఉన్నారు. నీటి తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులే ఉన్నాయి. పెయింటెడ్ టర్టిల్ అనే ఉత్తర అమెరికా జాతి గడ్డకట్టిన చెరువుల అడుగున, సుమారు 3 డిగ్రీల చలిలో, ప్రాణవాయువు లేకుండానే నెలల తరబడి బతకగలదన్న మాట నిజమే. శరీరంలో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని తన డిప్పలోని కార్బొనేట్లతో విరిచేసుకుంటూ అది ఆ చలికాలాన్ని గడుపుతుంది. కానీ ఆ శక్తి అంతా చలి ఇచ్చినది. అంత చలిలో దాని దేహం దాదాపు ఆగిపోయినంత నెమ్మదిగా నడుస్తుంది కనుక కొద్దిపాటి ఆసరాతో కాలం వెళ్ళదీస్తుంది. 25 డిగ్రీల తొట్టె నీటిలో, భయపడి కాళ్ళు కొట్టుకుంటున్న తాబేలుకు ఆ వెసులుబాటు ఉండదు, అది మునిగి చనిపోతుంది. ఎవరికైనా ఇలాంటి పరిస్థితి ఎదురైతే, తాబేలును వెల్లకిలా పడుకోబెట్టకూడదు. తల కిందికి ఉండేలా పట్టుకుని, మెడను మెల్లగా చాచి, నోటి నుంచి నీరు కారిపోనివ్వాలి, ఆ వెంటనే సరీసృపాలను చూసే పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళాలి. అప్పటికి తేరుకున్నట్టు కనిపించినా, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఉంటే తర్వాతి రోజుల్లో న్యుమోనియా రావచ్చు. మాది ఆ గండం దాటింది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం చాలా సాదాది. తొట్టెలోని ఏ సందైనా తాబేలు డిప్ప ఎత్తుకూ వెడల్పుకూ కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేదా తల కూడా దూరనంత చిన్నదిగా ఉండాలి. ఈ రెండింటికీ మధ్యన ఉన్నదంతా ఉచ్చే. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. అందుకని అట్టముక్కను తాబేలు అడ్డకోత ఆకారంలో, కాస్త పెద్దదిగా కత్తిరించి, ప్రతి వంపులోనూ దూర్చి చూస్తాను. దుంగకూ అడుగుకూ మధ్య ఉన్న సందు ఒక్కటే చూస్తే చాలదు. దుంగకూ గాజు గోడకూ మధ్య, దుంగకూ ఫిల్టరు గొట్టానికీ మధ్య, ఎండ కాచుకునే మెట్టకూ నీటి మట్టానికీ మధ్య ఉండే ఖాళీలను కూడా చూడాలి. గాజు పక్కన ఉండే సందునే అందరం మరిచిపోతాం, ఎందుకంటే గాజు మనకు గోడలా కనిపించదు. అడుగున ఇసుకో గులకరాళ్ళో ఉంటే తాబేలు తవ్వుతుంది, ఆ తవ్వకంతో దుంగ ఒక పక్కకు దిగిపోతుంది, నిన్న సరిపోయిన వంపు ఇవాళ సరిపోదు. గుడ్డు నుంచి బయటికి వచ్చినప్పుడు రెడ్ ఇయర్డ్ స్లైడర్ పిల్ల సుమారు 3 సెంటీమీటర్లు ఉంటుంది, ఎదిగిన ఆడ తాబేలు డిప్ప 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అంటే పిల్ల కోసం ఎంచిన ఏ దుంగా దాని జీవితాంతం సరిపడదు. మూడు నెలలకొకసారి అట్టముక్కను కొత్తగా కత్తిరించుకోవడం తప్ప వేరే దారి లేదు.

సందు తర్వాత బరువు. చెక్కలోని కణాల గోడలు నిజానికి నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనవి. చెక్క తేలడానికి కారణం ఆ కణాల లోపల చిక్కుకున్న గాలి మాత్రమే. గాలి ఉన్న చోటికి నీరు చేరేకొద్దీ చెక్క మునుగుతుంది. మోపాని వంటి గట్టి చెక్క తెచ్చిన రోజే మునిగిపోతుంది, తేలికపాటి వేరు మొద్దులకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. సగం నానిన దుంగే అన్నింటికంటే ప్రమాదకరమైనదని నా అనుభవం. అది మునిగినట్టే ఉంటుంది, తాబేలు ఒక చివర ఎక్కగానే రెండో చివర లేస్తుంది, దొర్లుతుంది, గాజుకు తగులుతుంది. కాబట్టి తొట్టెలో పెట్టేముందే బకెట్‌లోనో పెద్ద టబ్బులోనో దాన్ని పూర్తిగా నాననివ్వాలి. అంత ఓపిక లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్ మరలతో ఒక బరువైన పలకరాయికి అడుగు నుంచి బిగించి, ఆ పలక మీద రాళ్ళు కప్పాలి. మామూలు ఇనుప మేకులు తుప్పు పట్టి వదులవుతాయి. సిలికాన్‌తో అతికించాలనుకునేవారు చెక్క పూర్తిగా ఎండి ఉన్నప్పుడే అతికించాలి, బూజు పట్టకుండా రసాయనం కలిపిన రకాన్ని వాడకూడదు. అతుకు ఎంత బాగున్నా ఎదిగిన తాబేలు బలానికి అది ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను.

బరువుతో పాటే చెప్పవలసిన ఇంకొక సంగతి ఉంది, దీన్ని హెచ్చరించేవారు తక్కువ. చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది. నార నడిచే దిశలో దాదాపు పెరగదు కానీ, నారకు అడ్డంగా నూటికి కొన్ని వంతులు పెరుగుతుంది. పొడి దుంగను రెండు గాజు గోడల మధ్య కదలకుండా బిగుతుగా ఇరికించి, ఇక ఇది పడదని సంతోషపడితే, నానిన తర్వాత అదే దుంగ ఆ గోడలను బయటికి తోస్తుంది. గాజు పగలవచ్చు, మూలల అతుకు విడవచ్చు. ఎటువైపు చూసినా దుంగకూ గాజుకూ మధ్య ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ పైన చెప్పిన సందుల నియమానికి లోబడి ఉండాలి.

ఇప్పుడు రంగు సంగతి. చెక్క నుంచి నీటిలోకి దిగే గోధుమ రంగుకు కారణం టానిన్లు. పచ్చి కాయను కొరికినప్పుడు నాలుకను పట్టేసే ఆ వగరు గుణం వీటిదే. అడవుల గుండా పారే ఎన్నో వాగులు, ఆకులు రాలి మగ్గిన గుంటలు ఇదే రంగులో ఉంటాయి, దక్షిణ అమెరికా నల్లనీటి నదుల్లో మాటామాటా వంటి తాబేళ్ళు ఈ రంగు నీటిలోనే బతుకుతాయి. టానిన్లు నీటి ఆమ్లతను కొద్దిగా పెంచుతాయి. నీటిలో కార్బొనేట్లు తగినంత ఉంటే ఆ మార్పు తెలియనే తెలియదు. కార్బొనేట్లు బొత్తిగా లేని మెత్తటి నీటిలో, చెక్క ఎక్కువగా ఉండి, నీళ్ళు అరుదుగా మారుస్తూ ఉంటే మాత్రం పీహెచ్ (నీటి ఆమ్లతను తెలిపే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 6 కంటే కిందికి జారవచ్చు. అప్పుడు తాబేలు చర్మం కన్నా ముందు దెబ్బ తినేవి ఫిల్టరులోని మేలు చేసే బాక్టీరియా. తాబేలు మలమూత్రాల నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను హరించే వాటి పని మందగిస్తుంది. కాబట్టి పరీక్షించవలసింది నీటి పీహెచ్‌ను, కార్బొనేట్ల మోతాదును. రంగు లోతును చూసి నిర్ణయానికి రాకూడదు. చూడడానికి రంగు నచ్చకపోతే ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్, అంటే రంగును పీల్చే బొగ్గు, పెడితే కొద్ది రోజుల్లో తేటబడుతుంది. నేను పెట్టడం మానేశాను. ఆ లేత తేనె రంగు నీటిలో మా తాబేలు మనిషి దగ్గరకు వచ్చినప్పుడు తక్కువగా బెదురుతుందని నాకు అనిపిస్తుంది, అది నా ఊహే కావచ్చు.

తెల్లని జిగట గురించి ఇంకా తక్కువ చెప్పవచ్చు. కొత్త చెక్కలో మిగిలిన చక్కెరలను తినడానికి చేరిన బాక్టీరియా, శిలీంధ్రాల పొర అది. కొన్ని వారాల్లో ఆ ఆహారం అయిపోగానే అదే పోతుంది. పాత బ్రష్షుతో తోమి కడిగితే చాలు. అయితే జిగటకు బదులు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే అది వేరే విషయం. చెక్క లోపల గాలి ఆడని చోట కుళ్ళు మొదలై హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతోందని అర్థం. అలాంటి దుంగను కడిగి దిద్దుకోవాలని చూడకుండా తీసేయాలి.

ఏ చెట్టు చెక్క మంచిదని అడిగేవారికి నేను ముందుగా ఇచ్చే జవాబు, ఏ చెట్టుదో మీకు తెలియని చెక్క మంచిది కాదని. రోడ్డు పక్కనో వాగు ఒడ్డునో దొరికిన అందమైన మొద్దు ఏ జాతిదో ఆకు, పువ్వు లేకుండా గుర్తుపట్టడం అనుభవజ్ఞులకే కష్టం. గన్నేరులో అన్ని భాగాలూ విషమే, దాని విషం గుండె లయను చెడగొడుతుంది. ముష్టి చెట్టు గింజల్లోనే కాక బెరడులోనూ విషం ఉంటుంది. జిల్లేడు, జెముడు జాతుల పాలు కళ్ళకూ చర్మానికీ చేటు. యూ చెట్టులో పండు మీది ఎర్రని గుజ్జు తప్ప తక్కినదంతా విషం. పైన్, సీడార్, దేవదారు వంటి సూదాకుల చెట్ల చెక్కలో జిగురూ ఘాటైన నూనెలూ ఉంటాయి. మూత ఉన్న వెచ్చని తొట్టెలో ఆ ఆవిర్లు తాబేలు కళ్ళకూ ఊపిరితిత్తులకూ మంచివి కావు. వెడల్పాకుల గట్టి చెట్లలో ఓక్, బీచ్, ఆపిల్, జామ వంటివి, పురుగుమందు తగలని చోట పెరిగి, చెట్టు మీదనో నరికిన తర్వాతనో నెలల తరబడి బాగా ఎండినవి అయితే నేను వాడతాను. పచ్చి చెక్కను ఎప్పుడూ వాడను. దానిలోని రసం నీటిలోకి దిగి బాక్టీరియాకు విందవుతుంది, నీళ్ళు పాలలా మసకబారతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది.

చెట్టు జాతి ఒకటే కాదు, ఆ చెక్క ఎక్కడ పడి ఉందన్నదీ చూడాలి. సముద్రతీరంలో దొరికిన దుంగలో ఉప్పు లోపలి దాకా దిగి ఉంటుంది, వారాల తరబడి మంచినీళ్ళు మారుస్తూ నానబెడితే గానీ అది పోదు. పొలం కాలువల్లో కొట్టుకొచ్చిన చెక్క ఏ మందునైనా పీల్చి ఉండవచ్చు. కంచె కర్రలు, పాత తలుపు చెక్కలు, సరుకుల పెట్టెల పలకలు, ప్లైవుడ్డు వీటి జోలికే పోకూడదు. చెదలు పట్టకుండా చెక్కకు ఎక్కించే మందుల్లో రాగి, కొన్ని పాత రకాల్లో ఆర్సెనిక్, క్రోమియం ఉంటాయి. ప్లైవుడ్డు జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే విషపదార్థం ఉంటుంది. వీటిని ఉడకబెట్టి శుభ్రం చేయగలమనుకోవడం పొరపాటు. దుకాణాల్లో సరీసృపాల కోసమని అమ్మే చెక్కను కూడా అడగకుండా నీటిలో పెట్టకూడదు. ఎడారి బల్లుల గూళ్ళ కోసం అమ్మే ద్రాక్షతీగ మొద్దు చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది, నీటిలో త్వరగా బూజు పట్టి కుళ్ళిపోతుంది. నేనూ ఒకసారి దాన్ని కొన్నాను. అమ్మినవారు తాబేలుకు ఏమీ కాదని హామీ ఇచ్చారు, మూడో వారానికి అది వేలితో నొక్కితే దిగబడేంత మెత్తబడింది.

నాకు అన్నింటికంటే ఎక్కువ అభ్యంతరం ఉన్నది బెరడు మీద. బెరడుతో ఉన్న దుంగ అడవిని ఇంటికి తెచ్చినట్టు కనిపిస్తుంది, ఆ ఆకర్షణ నాకు తెలుసు. కానీ చెట్టు దృష్టిలో బెరడు అంటే ఏమిటో ఒకసారి ఆలోచించాలి. పురుగులనూ బూజులనూ మేసే జంతువులనూ ఆపడానికి చెట్టు తన రక్షణ రసాయనాలను ఎక్కువగా దాచుకునే చోటు అది. లోపలి చేవలో కంటే బెరడులో టానిన్లు, ఇతర ఫినాల్ పదార్థాలు ఎక్కువగా ఉండే చెట్లు ఎన్నో. రాబినియా అనే నల్ల లోకస్ట్ చెట్టు బెరడును కొరికి గుర్రాలు విషం బారిన పడిన సంగతి పశువైద్యంలో బాగా తెలిసినదే. పైగా బెరడుకూ చెక్కకూ మధ్యన ఉండే పొర చెట్టు బతికి ఉండగా చక్కెరలు ప్రవహించే చోటు. చెట్టు చనిపోయాక ముందుగా కుళ్ళేది ఆ పొరే. అది కుళ్ళగానే బెరడు చెక్కను వదిలి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చుల వెనుక తాబేలు మలం, మిగిలిన మేత చేరి, ఫిల్టరు లాగలేని చోట మగ్గుతాయి. ఊడిన పెచ్చులు ఫిల్టరు లోపలికి పోయి దాని చక్రాన్ని ఆపేస్తాయి.

అంతకంటే ముఖ్యంగా, తాబేలు కొరుకుతుంది. దానికి పళ్ళు లేకపోయినా దవడల అంచులు పక్షి ముక్కులా పదునైన కొమ్ముతో చేసినవి. మెత్తబడిన బెరడు అంచు నీటిలో కదులుతుంటే అది దానికి తినదగిన వస్తువులానే కనిపిస్తుంది. కాస్త మెత్తని నార పేగుల్లోంచి వెళ్ళిపోవచ్చు, గట్టి పేడు వెళ్ళదు. మేత మానేయడం, మలం రాకపోవడం, నీటిలో ఒక పక్కకు ఒరిగి తేలడం పేగులో అడ్డు పడిందనడానికి సూచనలు కావచ్చు, ఇవి కనిపిస్తే ఇంట్లో నూనెలూ మందులూ ప్రయత్నించకుండా వైద్యులకు చూపించి ఎక్స్‌రే తీయించాలి. ఇన్ని కారణాల వల్ల, నీటిలో మునిగి ఉండే దుంగకు బెరడు పూర్తిగా తీసేయాలన్నదే నా పట్టుదల. నానబెట్టిన తర్వాత వెడల్పాటి మొండి ఉలితో ఒలిస్తే సులభంగా వస్తుంది. ఒలిచిన తర్వాత పదునైన అంచులనూ విరిగిన కొమ్మ మొనలనూ గరుకు కాగితంతో రుద్ది గుండ్రంగా చేయాలి. చర్మంలాంటి మెత్తని డిప్ప ఉండే సాఫ్ట్‌షెల్ జాతులకైతే ఈ నునుపు మరీ అవసరం, చిన్న గీత కూడా వాటికి పుండవుతుంది.

ఈ పట్టుదలకు ఒక్క మినహాయింపు ఉంది, అది కార్క్ ఓక్ బెరడు. సీసాల మూతలకు వాడే కార్క్ అదే. ఆ చెట్టును నరకరు, సుమారు 9 నుంచి 12 ఏళ్ళకొకసారి బయటి బెరడును మాత్రమే ఒలుస్తారు, చెట్టు మళ్ళీ కొత్త బెరడు పెంచుకుంటుంది. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి గదులు గదులుగా ఉన్నాయని వర్ణించి, కణానికి ఇంగ్లీషులో 'సెల్' అన్న పేరు స్థిరపడడానికి కారణమైన ముక్క కూడా ఈ కార్క్‌దే. ఆ గదుల గోడల్లో సుబెరిన్ అనే మైనం వంటి పదార్థం ఉండడం వల్ల నీరు లోపలికి పోదు, అందుకే కార్క్ నానదు, త్వరగా కుళ్ళదు, ఎన్ని నెలలైనా తేలుతూనే ఉంటుంది. మునిగే దుంగగా అది పనికిరాదు. నీటి మట్టంతో పాటు లేచి దిగే ఎండ మెట్టగా మాత్రం దానికి సాటి వచ్చే సహజ పదార్థం నాకు కనిపించలేదు. తాబేలు బరువుకు అది ఒరగకుండా ఉండేంత వెడల్పు ముక్కను ఎంచుకోవాలి, చుట్టలా గొట్టంగా ఉన్నదైతే మళ్ళీ అదే అట్టముక్క పరీక్ష చేయాలి. తాబేలు దాని అంచులను కొరికి తునకలు చేస్తున్నట్టు కనిపిస్తే ఆ తాబేలు దగ్గర కార్క్ కూడా వద్దు.

శుభ్రం చేయడం గురించి సలహాలు అనేకం తిరుగుతుంటాయి, వాటిలో కొన్ని ప్రమాదకరమైనవి. పాత్రలో పట్టే చెక్కను గంట నుంచి రెండు గంటల పాటు నీటిలో మరిగించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మరిగించడం మంచి పద్ధతి. పురుగులు, వాటి గుడ్లు, బూజు చాలావరకు చస్తాయి, టానిన్ కొంత దిగిపోతుంది, చెక్కలోని గాలి బయటికి వచ్చి త్వరగా మునుగుతుంది. పాత్రలో పట్టని దాని మీద మరిగే నీళ్ళు పోసి, ఆపై రెండు వారాలు రోజూ నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. బ్లీచింగ్ ద్రావణంలో ముంచమని చెప్పేవారున్నారు. గాజుకూ రాళ్ళకూ అది సరే, చెక్క స్పాంజిలా దాన్ని లోపలికి పీల్చుకుంటుంది కనుక నేను ఒప్పుకోను. సబ్బు విషయంలోనూ ఇదే మాట. ఓవెన్‌లో కాల్చడం అగ్నిప్రమాదానికి దారి, పైగా లోపలి భాగం వేడెక్కేలోగా పైభాగం మాడుతుంది.

తొట్టెలో ఒకసారి ఉండి వచ్చిన చెక్కను వంటపాత్రలో మరిగించకూడదు. ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా మనుషులకు జ్వరం, విరేచనాల జబ్బులు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియాను మోస్తుండవచ్చు. చిన్న పిల్లలకు ఆ జబ్బులు సోకుతున్నాయనే అమెరికాలో 1975లో 4 అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. చెక్క రంధ్రాల్లో ఆ బాక్టీరియా దాగి ఉంటుంది. కాబట్టి చెక్కకు వేరే పాత్ర, వేరే బ్రష్షు, వేరే బకెట్ ఉండాలి, వంటింటి తొట్టిలో దాన్ని కడగకూడదు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

నీటిపైన ఉండే చెక్కకు ఇంకొక కర్తవ్యం ఉంది. తాబేలు దాని మీదకు ఎక్కి, పొట్టతో సహా పూర్తిగా ఆరాలి. నెమ్మదిగా నానుతూ దిగిపోయిన దుంగ పైభాగం ఎప్పుడూ తడిగానే ఉంటే, దాని మీద కూర్చున్న తాబేలు పొట్ట డిప్ప ఆరదు. ఆరని డిప్ప మీది గీతల్లో బాక్టీరియా, బూజు చేరి పుళ్ళు పడతాయి. మధ్యాహ్నం వేళ వేలితో తాకి చూస్తే పొడిగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఎక్కే వాలు మరీ నిటారుగా ఉండకూడదు, నున్నని చెక్క అయితే గోళ్ళు పట్టేలా అడ్డంగా కొన్ని గాట్లు పెట్టాలి. పైన వేడి దీపం ఉంటుంది కనుక, చెక్క ఉపరితలం దగ్గర థర్మామీటరు పెట్టి సుమారు 32 డిగ్రీలు ఉండేలా దీపం ఎత్తు సరిచేసుకోవాలి. దీపాన్ని క్లిప్పుతో మాత్రమే తగిలించి వదిలేయకుండా గొలుసుతో రెండో ఆధారం ఇవ్వాలి. ఎండిన చెక్క మీద పడ్డ వేడి దీపం ఇల్లు తగలబెట్టగలదు.

ఇంత కథ ఎందుకు, ప్లాస్టిక్ మెట్ట ఒకటి పెట్టి ఖాళీ తొట్టెలో ఉంచితే సరిపోదా అని నన్ను అడిగినవారున్నారు. జబ్బుగా ఉన్న తాబేలును వేరుగా ఉంచే తొట్టెకు అదే సరైనది, అక్కడ చెక్క అసలు ఉండకూడదు. ఆరోగ్యంగా ఉన్న తాబేలు విషయంలో మాత్రం నేను ఆ మాటతో ఏకీభవించను. మ్యాప్ టర్టిల్ జాతులు తమ జీవితంలో పెద్ద భాగం నదుల్లో పడిన దుంగల మీదే గడుపుతాయి. ఈదడంలో అంత బలం లేని మస్క్ టర్టిల్ వంటివి అడుగున నడుస్తూ, కొమ్మల మీదుగా పాకి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. పిల్ల తాబేళ్ళు నీటి మట్టానికి ఒక అంగుళం కింద ఉన్న కొమ్మ మీద కాళ్ళు ఆనించి, ముక్కు మాత్రం బయటపెట్టి గంటలు గంటలు కునుకుతాయి. ఖాళీ గాజు తొట్టెలో గోడను గీకుతూ రోజంతా ఈదే తాబేలును చూసిన తర్వాత, అదే తాబేలు కొమ్మ కింద చేరి కళ్ళు మూసుకోవడం చూశాను. ఆ తేడాను నేను కొలిచి చూపలేను కానీ, ఆ దృశ్యం కోసమే ఈ కొలతలూ మరిగించడాలూ అన్నీ చేస్తున్నాను.

చెక్క శాశ్వతం కాదు. నీటిలో ఉన్న దుంగ పైపొర ఏటేటా మెత్తబడుతుంది, చేవ ఉన్నంత వరకే దానికి బలం. నేను నెలకొకసారి నీళ్ళు మార్చేటప్పుడు ఒక మేకుతో దుంగను నాలుగైదు చోట్ల గుచ్చి చూస్తాను. పైపైన ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగితే పర్వాలేదు, సెంటీమీటరు దిగిందంటే దాన్ని తీసేసే సమయం వచ్చినట్టే. మా తాబేలు ఇరుక్కున్న ఆ దుంగను ఆ రోజే పారేయలేదు. వంపును రంపంతో కోసి, రెండు ముక్కలుగా చేసి, వాటిని అడుగున పడుకోబెట్టాను. పోయిన నెల మేకు ఒక ముక్కలో సగం దాకా దిగింది. దాని స్థానంలోకి రావలసిన కొత్త మొద్దు ఇప్పుడు బకెట్‌లో నాలుగో వారం నానుతోంది. ఒక చివర మునిగింది, రెండో చివర ఇంకా రెండు వేళ్ళ ఎత్తున నీటి పైకి తేలే ఉంది. పక్కన ఈ నెల కొలతతో కత్తిరించిన అట్టముక్క ఎండుతోంది.